డాక్టరమ్మ బండికి నేను పెట్టిన లైట్లు

ఈమధ్య మా ఊళ్లో బ్యాటరీ ఆటోలు ఎక్కువయ్యాయి. ఒకదాని ముందు రంగురంగుల బల్బులు, ఇంకోదాని వెనక గుండెలదిరే సౌండు బాక్సు. మొన్న ఒకటి ఎక్కి, ఊరుకోలేక, “ఈ లైట్లకి కరెంటు ఎక్కణ్ణించి తీశావయ్యా?” అని అడిగాను. “దాందేవుంది పెద్దాయనా, సీటు కిందున్న ఒక బ్యాటరీ మీదనుంచి రెండు వైర్లు లాగా. అంతే” అన్నాడు. దిగేదాకా నవ్వు ఆపుకోలేకపోయాను. అతను అద్దంలోంచి నన్ను అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

ఆ రెండు వైర్లే ఒకప్పుడు నేనూ లాగాను. లాగి, ఒక డాక్టరమ్మని కుర్చీలోంచి దింపేసినంత పని చేశాను. కరెంటు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి ఉపయోగపడుతుందని ఆ సంగతి రాస్తున్నాను. ఉపయోగపడకపోతే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఎనభైల నాటి మాట. వినుకొండ వైపు వెళ్లే రోడ్డు మీద ఒక మిషను ఆసుపత్రిలో నేను ఎలక్ట్రీషియన్ని. ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు, ఆపరేషన్ థియేటర్ లైటు, చర్చి మైకు, మేట్రనమ్మగారి ఇస్త్రీపెట్టె, ఏది ఆగినా నన్నే పిలిచేవాళ్లు. ఆసుపత్రి ఎకరాల మేర ఉండేది. ఎప్పుడో దొరలు కట్టించిన ఎనిమిది వార్డులు, ఒకదానికొకటి చాలా ఎడంగా. గేటు దగ్గర ఓపీ, ఆ చివర క్షయ వార్డు. రెంటికీ మధ్య ఒక కాలవ, దాని మీద కల్వర్టు, ఆ కల్వర్టు ఎక్కడానికి చిన్న గట్టు. ఈ గట్టుని గుర్తుపెట్టుకోండి.

మా సూపరింటెండెంటు డాక్టరమ్మ ఈ ప్రాంతం మనిషే, పల్లెటూరి బడిపంతులుగారి అమ్మాయి. పత్తి తీసే కూలీల పిల్లల దగ్గర్నుంచి మిరపకాయల షావుకార్ల పిల్లల దాకా చుట్టుపక్కల సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే. నేనూ అంతే. అందుకేనేమో నన్ను చివాట్లు పెట్టడానికి ఆవిడ ఏనాడూ వెనకాడలేదు.

సూపరింటెండెంటయిన రోజున ఆవిడ అందరి ముందూ ఒక మాటన్నారు. రోజూ అన్ని వార్డులూ స్వయంగా తిరిగి చూడలేని నాడు ఈ కుర్చీలో కూర్చోను అని. అప్పుడు బాగానే ఉంది. అరవై దగ్గర పడేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. కర్ర పట్టుకుని నాలుగు వార్డులు తిరిగేసరికి ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. మిగిలిన నాలుగూ పళ్లబిగువున తిరిగేవారు. ఆవిడ అన్న మాటని ఎవరైనా ఆవిడకే గుర్తుచేస్తారేమోనని మాకందరికీ లోపల భయంగా ఉండేది.

అలాంటప్పుడు ఆసుపత్రికి సాయం చేసే విదేశీ చర్చివాళ్లెవరో, సంగతి తెలిసి, వాడిన బ్యాటరీ బండి ఒకటి ఓడలో పంపించారు. మద్రాసులో దిగి, లారీలో మా దగ్గరకొచ్చింది. నాలుగు చిన్న చక్రాలు, ఇద్దరు కూర్చునే సీటు, పైన టాపు. అక్కడివాళ్లు తెల్లబంతిని కర్రతో కొట్టి, అది ఎంత దూరాన పడితే అంత దూరం ఈ బండెక్కి వెళతారట. ఆసుపత్రి జీపు నడిపే డ్రైవరు బాబాయి అంతా విని, “అంత దూరం కొట్టగలిగినోడు నడవలేడంట్రా?” అన్నాడు.

బండి మాత్రం బంగారం. చప్పుడు లేదు, పొగ లేదు. వార్డు వరండా దాకా వచ్చి ఆగేది. రోజూ పొద్దున, సాయంత్రం డాక్టరమ్మ స్వయంగా నడుపుకుంటూ ఎనిమిది వార్డులూ తిరిగి వచ్చేవారు. మొదటి వారంలోనే ఆవిడ ముఖం తేటపడింది. మేట్రనమ్మ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

కొంచెం లెక్క చెబుతాను, విసుక్కోకండి. సీటు లేపితే కింద ఆరు బ్యాటరీలు. ఒక్కోటి ఆరు వోల్టులు. వరసగా కలిపితే ముప్పయ్యారు వోల్టులు, మోటారుకి కావలసింది అంతే. అయితే ఆ బండికి లైట్లు లేవు. బంతాట పగలే ఆడతారు కదా. మాకేమో సాయంత్రం రౌండు ఉంది, కరెంటు కోత ఉంది, గడ్డిలో పాములున్నాయి. లైట్లు కావాలి. ఇక్కడ దొరికేవి జీపులకి వేసే పన్నెండు వోల్టుల బల్బులు. ఆరూ ఆరూ పన్నెండు! సీటు లేపగానే చేతికందే మొదటి రెండు బ్యాటరీల మీదనుంచి రెండు వైర్లు లాగి, ముందు రెండు లైట్లు, వెనక ఒక ఎర్ర లైటు పెట్టేశాను. గంట పట్టలేదు. ఆ సాయంత్రం డాక్టరమ్మ లైట్లు వేసుకుని కల్వర్టు దిగి వస్తుంటే నర్సులు చప్పట్లు కొట్టారు. నేను ఆకాశానికి ఎగిరిపోయాను.

ఇక్కడ నా గుణం ఒకటి చెప్పాలి. నాకు మొహమాటం ఎక్కువ. ఎవరు ఏమడిగినా కాదనడం చేతకాదు. మా ఆసుపత్రిలో రోగికి రక్తం కావాలనగానే చుట్టాలు ఒక్కొక్కరే మాయమయ్యేవారు. ఒకాయనకి బస్సు టైమయ్యేది, ఇంకొకాయనకి గేదె ఈనేది. అప్పుడు ల్యాబువాళ్లు డ్రైవరు బాబాయి దగ్గరకో నా దగ్గరకో వచ్చేవాళ్లు. మా ఇద్దరి గ్రూపూ ఎవరికైనా సరిపోయేదే. ఆయన తిట్టుకుంటూ ఇచ్చేవాడు, నేను నవ్వుకుంటూ ఇచ్చేవాణ్ణి.

లైట్లు చూశాక బాబాయే మొదలుపెట్టాడు. “ఒరే అబ్బాయ్, చప్పుడు లేకుండా వచ్చుద్ది ఇది. మొన్న నా కాలి మీదకొచ్చింది. హారను పెట్టరా.” పాత లారీ హారను పెట్టాను. తర్వాత మేట్రనమ్మ పిలిచారు. “అమ్మగారికి చెమటలు కారిపోతున్నాయయ్యా. కార్లలో ఉంటుంది చూడూ, చిన్న ఫ్యాను, అట్లాంటిది పెట్టకూడదూ?” పెట్టాను. ఆ తర్వాత చర్చి పాస్టరుగారు. “బ్రదర్, పొద్దున ప్రార్థన ఒక్క వార్డుకే వినిపిస్తోంది. బండికి మైకు ఉంటే అన్ని వార్డులకీ ఆశీర్వాదం గదా!” ఆశీర్వాదాన్ని కాదంటామా? యాంప్లిఫయరు, లౌడు స్పీకరు ఎక్కాయి. క్రిస్మస్ నెల రాగానే నర్సులు పాటల క్యాసెట్లు పట్టుకొచ్చారు. టేపు రికార్డరు వచ్చింది. టాపు మీద కాగితం నక్షత్రం, దాన్లో బల్బు. అన్నీ పన్నెండు వోల్టులవే. అన్నీ ఆ మొదటి రెండు బ్యాటరీల మీదే.

డాక్టరమ్మ ఒకసారి బండి చుట్టూ తిరిగి చూసి, “ఏమయ్యా, నేను రౌండుకి పోతున్నానా, తిరునాళ్లకి పోతున్నానా?” అన్నారు. అయినా తీసెయ్యమనలేదు. అడిగినవాళ్లు చిన్నబుచ్చుకుంటారని ఆవిడకీ ఉంది.

క్రిస్మస్ అయిపోయి నెల తిరగలేదు, బండి నీరసించింది. పొద్దున బాగానే బయల్దేరేది. ఆరో వార్డు దాటేసరికి ఈడ్చుకుంటూ నడిచేది. నేను మోటారు విప్పాను. బ్రష్‌లు తుడిచాను. అవి మిరపకాయల రోజులు. రోడ్డు మీద టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, వేసుకున్న లారీలు వరసగా పోతుంటే ఆసుపత్రి మొత్తం తుమ్ముతూ ఉండేది. “ఈ కారం ధూళి మోటార్లోకి పోయిందండి” అని ఘనంగా చెప్పాను. అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

బ్యాటరీలని చూడలేదా అంటే, రోజూ చూసేవాణ్ణి. చూస్తూనే తప్పు చేశాను. వెనక నాలుగు బ్యాటరీలూ నీళ్లు తెగ తాగేవి. వారం తిరక్కుండా డిస్టిల్డు వాటరు పోయాల్సి వచ్చేది. ముందు రెండూ చుక్క నీళ్లు అడిగేవి కావు. ఆ నాలుగే పాడైపోతున్నాయనుకున్నాను. ముందు రెంటినీ తడిమి, “మీరే నయం రా తండ్రీ” అని మెచ్చుకునేవాణ్ణి కూడా.

ఫిబ్రవరిలో ఒక పొద్దున బండి కల్వర్టు గట్టు మీద, సరిగ్గా సగంలో ఆగిపోయింది. డాక్టరమ్మ దిగి, కర్ర పట్టుకుని, క్షయ వార్డు దాకా నడిచి వెళ్లారు. తిరిగి రావడానికి స్ట్రెచరు తీసుకెళ్లాల్సి వచ్చింది. రోగుల్ని మోసే స్ట్రెచరు మీద ఆవిడ కూర్చుని వస్తుంటే వార్డుల్లోంచి అందరూ బయటికొచ్చి చూశారు. నాకు ఎక్కడైనా దూకి చావాలనిపించింది.

ఆ సంగతి ఎవరు చేరవేశారో, వారానికల్లా ఆసుపత్రిని నడిపే మిషను కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. సూపరింటెండెంటుగారి ఆరోగ్యం విషయం మాట్లాడటానికి పది రోజుల్లో వస్తున్నామని. దానర్థం అందరికీ తెలుసు. డాక్టరమ్మ ఉత్తరం మడిచి, “వాళ్లు చెప్పేదేముంది, నేనన్న మాటేగా. వాళ్లొచ్చిన రోజు ఎనిమిది వార్డులూ తిరుగుతాను. తిరగలేకపోతే ఆ సాయంత్రమే తాళాలిచ్చేస్తాను” అన్నారు. తర్వాత నన్ను పిలిచారు.

“బండికి ఏమైంది?”

“కారం ధూళండి...”

“కారం సంగతి సరే. ఆ ఆరింటికీ కేస్ షీట్లు రాశావా?”

నాకు అర్థం కాలేదు. ఆవిడ వార్డులో వాడే టెంపరేచర్ చార్టులు ఆరు తీసి నా చేతిలో పెట్టారు. పొద్దున, సాయంత్రం ఒక్కో బ్యాటరీలో యాసిడ్ బలం ఎంతుందో హైడ్రోమీటరుతో చూసి చుక్కలు పెట్టమన్నారు. నీళ్లు ఎన్ని పోశానో పక్కన రాయమన్నారు. మూడు రోజులు రాసి పట్టుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆరు కాగితాలూ బల్ల మీద వరసగా పరిచారు. నాలుగింట్లో గీత పైన తిన్నగా పోతోంది. రెండింట్లో కిందికి జారిపోతోంది.

“ఈ రెండూ ఎవరు?”

“ముందువండి. అవి చాలా మంచివండి, నీళ్లు కూడా అడగవు.”

డాక్టరమ్మ కళ్లజోడు మీదుగా నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “నీళ్లడగని రోగి బాగున్నాడని నీకెవరు చెప్పారయ్యా? అడిగే ఓపిక కూడా లేనివాడై ఉంటాడు. ఈ రెండింటికీ మిగతావాటికీ తేడా ఏమిటి? వీటి చేత అదనంగా ఏం చేయిస్తున్నావు?”

నోరు తెరిచి లైట్లు, హారను, ఫ్యాను, మైకు అని ఒక్కొక్కటే చెబుతుంటే నాకే తెలిసిపోయింది. ఆరూ కలిసి బండి లాగుతున్నాయి. పైగా ఈ రెండూ లైట్లూ మోస్తున్నాయి, పాటలూ పాడుతున్నాయి, ప్రార్థనలూ చేస్తున్నాయి. రాత్రి ఛార్జింగేమో ఆరింటికీ ఒకే కొలత. ఖర్చయిన రెంటికీ అది చాలదు. ఖర్చు కాని నాలుగింటికీ ఎక్కువై, అవి మరిగిపోయి నీళ్లు తాగుతున్నాయి.

“రక్తం కావాలంటే నువ్వూ, డ్రైవరూ తప్ప ఈ ఆసుపత్రిలో మనుషులే లేనట్టు, వీటినీ అట్లాగే చేశావన్నమాట” అన్నారు డాక్టరమ్మ. “పోయినేడు నువ్వు ఎన్నిసార్లిచ్చావు?”

“లెక్క లేదండి. అడిగితే కాదనలేక...”

ఆవిడ ఫోనెత్తి ల్యాబుకి చెప్పారు, ఆ ఏడాదికి మా ఇద్దరి పేర్లూ కొట్టేయమని. తర్వాత మందుల చీటీ మీద రెండు ముక్కలు రాసి నాకిచ్చారు. “పూర్తి విశ్రాంతి. ఏమీ తీయరాదు.” కింద సంతకం. “ఇది బండికి అంటించు. కాదనడానికి నీకు నోరు రాదని నాకు తెలుసు” అన్నారు.

చీటీ అంటించాను. హారను, ఫ్యాను, మైకు, టేపు, లైట్లు అన్నీ ఊడదీశాను. పాస్టరుగారొచ్చి, “మైకొక్కటన్నా ఉంచకూడదా బ్రదర్?” అని దీనంగా అడిగితే చీటీ చూపించాను. నర్సులొస్తే చీటీ చూపించాను. మేట్రనమ్మ చీటీ చదివి, తాటాకు విసనకర్ర తెచ్చి సీటు పక్కన పెట్టి వెళ్లారు. బాబాయి మాత్రం ఎక్కడో పాత కారుకుండే రబ్బరు బుడగ హారను సంపాదించుకొచ్చాడు. “ఇదిగో, దీనికి కరెంటు అక్కర్లా. నొక్కితే పాం అంటది” అన్నాడు. దానికి చీటీ ఒప్పుకుంది.

ఇంతా చేసినా ఆ రెండు బ్యాటరీలు లేవలేదు. కొత్తవి మద్రాసు నుంచి రావాలి, వచ్చేసరికి కమిటీ వచ్చిపోతుంది. చివరికి రెంటినీ వరసలోంచి తప్పించి, మిగతా నాలుగింటినే కలిపి, ఛార్జరుని దానికి తగ్గట్టు మార్చి చూశాను. ఇరవై నాలుగు వోల్టులు. బండి కదిలింది. కాకపోతే పెళ్లికూతురు నడకంత నిదానం. ఆగదని నా మనసు చెబుతోంది, గట్టు సంగతి మాత్రం చెప్పడం లేదు.

కమిటీవాళ్లు ముగ్గురొచ్చారు. ఛైర్మన్‌గారు కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరైనవారు, భారీ మనిషి, మంచివారే. కాళ్లకి తళతళలాడే కొత్త బూట్లు. “రౌండయ్యాక ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందామమ్మా” అన్నారు. “మీరు కూడా రండి సార్, నడుస్తూ మాట్లాడుకోవచ్చు” అన్నారు డాక్టరమ్మ. తను బండెక్కారు. పక్క సీటు ఖాళీ. నేనూ, బాబాయీ చెరో పక్కా నడిచాం.

అంత నిదానంగా ఏనాడూ ఆ బండి నడవలేదు. అదే మంచిదయింది. వరండాల్లో ఉన్నవాళ్లందరికీ లేచి, దగ్గరికొచ్చి, మాట్లాడే తీరిక దొరికింది. ఒక ముసలమ్మ ఛైర్మన్‌గారి చెయ్యి పట్టుకుని, “అయ్యా, మా అమ్మగారికి ఇంకొంచెం జోరుగా పోయే బండి కొనివ్వరాదూ?” అంది. పత్తికి మందు కొడుతూ పడిపోయి, ఆవిడ చేతుల్లో బతికి బయటపడ్డ రైతొకాయన చొక్కా కూడా లేకుండా లేచొచ్చి దండం పెట్టాడు. డాక్టరమ్మ ప్రతి వార్డు దగ్గరా దిగి, మంచాలన్నీ చూసి, మళ్లీ ఎక్కుతున్నారు. మూడో వార్డు దగ్గర ఒక మెంబరుగారు నీడలో ఆగిపోయారు. ఐదో వార్డు దగ్గర రెండో ఆయన మంచినీళ్లంటూ కూర్చున్నారు. ఛైర్మన్‌గారు మాత్రం పట్టుదలగా, కుంటుతూ వస్తున్నారు. కొత్త బూట్లు కరిచేస్తున్నాయి.

గట్టు దగ్గరికొచ్చాం. సరిగ్గా అప్పుడు ఛైర్మన్‌గారు బండి పట్టుకుని ఆగి, “అమ్మా, కాస్త జరిగితే నేనూ ఎక్కి కూర్చుంటాను. ఇంక నావల్ల కాదు” అన్నారు.

డాక్టరమ్మ జరగలేదు. నా వైపు తిరిగి, “ఏమయ్యా, ఎక్కించుకోవచ్చా?” అని అడిగారు.

చీటీ చూపిద్దామని చూశాను. అది మనుషుల బరువు గురించి ఏమీ చెప్పదు. ఛైర్మన్‌గారు నా వైపే చూస్తున్నారు. ఆయన సంతకంతోనే నా జీతం వచ్చేది. డాక్టరమ్మ ఉద్యోగం ఆ సాయంత్రం ఆయన చేతిలోనే ఉంది. ఎక్కించుకుంటే బండి గట్టు మధ్యలో ఆగిపోతుంది, అది నాకు ఖాయంగా తెలుసు.

“కుదరదండి” అన్నాను.

“ఏంటయ్యా?” అన్నారాయన.

“ఒక్కళ్లకే సరిపోద్దండి. తమరెక్కితే గట్టెక్కదు.”

బాబాయి ఆకాశంలోకి చూస్తున్నాడు. డాక్టరమ్మ ఎంతో విచారంగా తల ఊపి, “ఎలక్ట్రీషియన్ కుదరదన్నాక నేనేం చేయగలను సార్” అని, బండి కదిపారు.

మోటారు మూలిగింది. బండి జానెడు జానెడు చొప్పున ఎక్కింది. సగంలో, ఆనాడు ఆగిన చోటే, ఒక్క క్షణం ఆలోచించింది. మళ్లీ కదిలి, కల్వర్టు మీదికెక్కింది. బాబాయి పరిగెత్తుకెళ్లి బుడగ హారను రెండుసార్లు నొక్కాడు. పాం, పాం అని కాలవ గట్టంతా మోగింది.

క్షయ వార్డులో డాక్టరమ్మ సగం మంచాలు చూసేశాక ఛైర్మన్‌గారు చేరుకున్నారు, బూట్లు చేత్తో పట్టుకుని. బెంచీ మీద కూలబడి, గ్లాసుడు నీళ్లు గటగటా తాగారు. తర్వాత జేబులోంచి మడిచిన కాగితం తీసి, చదవకుండానే మళ్లీ లోపల పెట్టుకున్నారు. “మిమ్మల్ని విశ్రాంతి తీసుకోమని చెప్పడానికొచ్చామమ్మా. ఆ విశ్రాంతేదో నాకు కావాల్సి వచ్చేట్టుంది” అన్నారు. వార్డంతా నవ్వింది. ఆయనే ముందు నవ్వారు.

డాక్టరమ్మ ఆ తర్వాత ఆరేళ్లు ఆ కుర్చీలోనే ఉన్నారు. మద్రాసు నుంచి కొత్త బ్యాటరీలు ఆరూ వచ్చాక లైట్లు మళ్లీ పెట్టాను, ఈసారి బుద్ధిగా. ఒకే వాటేజీ బల్బులు మూడింటిని వరసగా కలిపి, ఆరు బ్యాటరీల మీదా ఒకే బరువు పడేట్టు. ఒక బల్బు పోతే మూడూ పోయేవి. “ఇదేం లైట్లురా” అని బాబాయి సణిగేవాడు. సణగనిచ్చాను.

కమిటీవాళ్లు వెళ్లిన సాయంత్రం మాట ఒకటి మిగిలిపోయింది. డాక్టరమ్మ నన్ను పిలిపించారు. చివాట్లేమోనని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ, ఏమీ ఎరగనట్టు, “బండి బాగా నడిచిందయ్యా. నాకోసం ఆ చిన్న ఫ్యాను ఒక్కటి మళ్లీ పెడతావా? చెమట పోస్తోంది” అన్నారు.

నన్ను ఈ లోకంలోకి తెచ్చిన చేతులవి. ఆవిడ అడిగితే ప్రాణమైనా ఇస్తాను. నిలబడి, ఆవిడ కళ్లలోకి చూశాను.

“కుదరదండి” అన్నాను.

“అమ్మయ్య” అన్నారు డాక్టరమ్మ. “ఇక వెళ్లి అన్నం తిను.”